స్వస్థత కూటంలో బాగైందని అమ్మ మాత్రలు మానేస్తే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ అమ్మగారికి 58 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా మోకాళ్ల నొప్పులు. పోయిన నెల ఒక స్వస్థత కూటంలో దైవజనుడు తల మీద చెయ్యి పెట్టగానే పడిపోయారు. లేచాక చేతికర్ర లేకుండా నడిచి, స్టేజీ ఎక్కి, నాకు నయమైందని అందరి ముందు సాక్ష్యం చెప్పారు. ఇంటికొచ్చాక షుగర్ మాత్రలు పక్కన పెట్టేశారు. "మాత్ర మింగితే దేవుణ్ణి అనుమానించినట్టే" అంటున్నారు. ఇది నిజంగా దేవుని శక్తా, మోసమా, ఆవిడతో ఎలా మాట్లాడాలి అని అడిగారు.

ముందు మాత్రల సంగతి చూడండి. ఈ రోజే షుగర్ పరీక్ష చేయించి డాక్టర్‌కు చూపించండి. ఆయన చెప్పిన డోసులో మందులు మళ్లీ మొదలుపెట్టించండి. దేవుని శక్తా కాదా అన్నది తేల్చుకోవడానికి మీకు ఏడాది పట్టినా నష్టం లేదు. మాత్రల విషయంలో అంత వ్యవధి లేదు. ఇక, "శక్తా, మోసమా" అని రెండే దారులు పెట్టుకోకండి. మోకాలి నొప్పి తగ్గడం నిజం కావచ్చు, షుగర్ మాత్రం ఎక్కడిది అక్కడే ఉండొచ్చు. ఆ దైవజనుడు నిజాయితీగల మనిషే కావచ్చు, మాత్రల గురించి ఆయన చెప్పింది మాత్రం తప్పు కావచ్చు. ఇవన్నీ ఒకేసారి జరగడం నేను చాలాసార్లు చూశాను.

నా గురించి రెండు మాటలు. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో పెంతెకొస్తు సంఘ కాపరి. నేను మిషన్ ఆసుపత్రిలో 27 ఏళ్లు నర్సుగా చేశాను. అందులో చివరి పదకొండేళ్లు షుగర్ క్లినిక్‌లోనే. ఇప్పటికీ ప్రతి ఆదివారం మందిరానికి వెళ్తాను. రోగుల కోసం ప్రార్థన చేస్తాను, దేవుడు స్వస్థపరుస్తాడని నమ్ముతాను. బయట నిలబడి రాళ్లు వేయడానికి ఇది రాయడం లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మూడు రాత్రుల కూటంలో సాక్ష్యాలు రాసుకునే బల్ల దగ్గర వాలంటీరుగా కూర్చున్నాను. స్టేజీ పక్కన ట్యూబ్‌లైటు, దాని చుట్టూ పురుగులు, ముందు రూళ్ల పుస్తకం. పేరు, ఊరు, జబ్బు, ఎన్నాళ్లుగా, ఇప్పుడెలా ఉంది అని గడులు గీసి ఇచ్చారు. డాక్టర్ చీటీ ఉందా అన్న గడి లేదు. ఆరు నెలల తర్వాత ఎలా ఉన్నారన్న గడీ లేదు. బాగా మాట్లాడగలిగినవాళ్లను పైకి పంపమని మాకు చెప్పారు. "కొంచెం తేలిగ్గా ఉందమ్మా" అన్నవాళ్లు పుస్తకంలోనే ఉండిపోయారు. ఏమీ మారనివాళ్లు అసలు బల్ల దగ్గరికే రాలేదు, చాపలు చుట్టుకుని లారీ ఎక్కేశారు.

రెండో రాత్రి ఒక పెద్దాయన చూపు వచ్చిందని వచ్చారు. స్టేజీ మీద దైవజనుడు చూపించిన వేళ్లు సరిగ్గా లెక్కపెట్టారు. మైదానమంతా చప్పట్లు, హల్లెలూయలు. దిగేటప్పుడు మెట్టు కనపడక ఆయన నా భుజం పట్టుకున్నారు. దగ్గరగా చూస్తే రెండు కళ్లలోనూ తెల్లటి శుక్లాలు. జానెడు దూరంలో వేళ్లు లెక్కపెట్టే చూపు ఆయనకు కూటానికి రాకముందు కూడా ఉంది. ఎవరూ అడగలేదు, అంతే. ఆ రాత్రి అక్కడ ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆయన సంతోషం నిజం, దైవజనుడి కన్నీళ్లూ నిజమే. ఆర్నెల్ల తర్వాత మా ఆసుపత్రి కంటి శిబిరంలో ఆయనకు ఆపరేషన్ అయింది.

అప్పటినుంచి ఏ సాక్ష్యం విన్నా దాన్ని మూడు ప్రశ్నలుగా విడదీసుకుంటాను. ఒంట్లో నిజంగా మార్పు వచ్చిందా? వస్తే, దానికి మామూలు కారణం ఏదైనా ఉందా? ఆ మార్పు ఆ ప్రసంగీకుడి బోధ మొత్తాన్ని రుజువు చేస్తుందా? కూటంలో ఈ మూడూ ఒకే కేకలో కలిసిపోతాయి. "కర్ర లేకుండా నడిచింది" అన్న మాటలోంచి "కాబట్టి మాత్ర పాపం" అన్న మాటకు ఒక్క గంతులో వెళ్లిపోతారు. మీ అమ్మగారి విషయంలో జరిగింది అదే.

మోకాలి సంగతి తీసుకుందాం. అరిగిన మోకాలి నొప్పి రోజూ ఒకేలా ఉండదు, హెచ్చుతగ్గులుంటాయి. మనం కూటానికో డాక్టర్ దగ్గరికో వెళ్లేది నొప్పి బాగా ఎక్కువైనప్పుడే. ఆ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా కొంత తగ్గే రోజులు వస్తాయి. దానికి తోడు మూడు గంటల పాటలు, ఆరాధన, వేలమంది మధ్య ఏడుపు, ఆశ. అప్పుడు శరీరం తనంతట తానే నొప్పిని అణిచే రసాయనాలు విడుదల చేస్తుంది. ఆట మధ్యలో దెబ్బ తగిలిన పిల్లాడికి ఇంటికొచ్చేదాకా నొప్పి తెలియదు, చూడండి, అలాంటిదే. నొప్పి తగ్గడం నటన కాదు. తగ్గిన నొప్పి నిజంగా తగ్గినట్టే. అయితే అరిగిన కీలు మళ్లీ మొలిచిందా అన్నది వేరే ప్రశ్న, దానికి ఎక్స్‌రే జవాబు చెప్పాలి.

పడిపోవడం గురించి ఎక్కువ రాయను. ఆత్మ అభిషేకంలో పడిపోయామని చెప్పేవాళ్లందరినీ నేను తప్పుపట్టను. కానీ షుగర్ మాత్రలు వేసుకునే మనిషి ఉపవాస ప్రార్థన చేసి, ఉక్కలో గంటలు నిలబడితే షుగర్ పడిపోయి కూడా కూలిపోవచ్చు. అలాంటప్పుడు ముందు గ్లూకోమీటర్‌తో చూడాలి, తక్కువుండి, మనిషి స్పృహలో ఉంటే చక్కెర నీళ్లు తాగించాలి. చాలా కూటాల్లో వెనక పట్టుకునే వాలంటీర్లు ఉంటారు గానీ గ్లూకోమీటర్ ఉండదు.

షుగర్ అలా కాదు. మోకాలు బాధిస్తే తెలుస్తుంది, రక్తంలో చక్కెర 280 ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు. మాత్రలు మానేసిన మొదటి వారాల్లో కొందరికి పైగా హాయిగా ఉంటుంది, మాత్ర వల్ల వచ్చే కడుపు ఉబ్బరం పోతుంది కాబట్టి. ఆ హాయిని స్వస్థత అనుకుంటారు. ఈలోగా కంటిలోని రక్తనాళాలు, కిడ్నీలు, పాదాల్లో స్పర్శ మెల్లగా పాడవుతుంటాయి. ఒంటికి తెలిసే నొప్పి తగ్గిందని, ఒంటికి తెలియని జబ్బు కూడా పోయిందనుకోవడం, ఇదీ అసలు ప్రమాదం.

ఇన్సులిన్ మీద బతికే పిల్లలకైతే వారాలు కూడా ఉండవు, రోజులే. ఒక పదహారేళ్ల అబ్బాయిని కూటం అయిన నాలుగో రోజు ఆటోలో తెచ్చారు. ఎగఊపిరి, నోటి నుంచి మగ్గిన పండ్ల వాసన, మాట తేలిపోతోంది. ఇన్సులిన్ ఆపి మూడు రోజులు. రెండు రాత్రులు సెలైన్, ఇన్సులిన్ ఎక్కించాక తేరుకున్నాడు. వాళ్లమ్మ వార్డు బయట నా చెయ్యి పట్టుకుని అడిగిన మాట ఒకటే: "మా విశ్వాసం చాల్లేదా సిస్టర్?" ఆ తల్లి నాలుగు రోజులుగా నిద్రపోలేదు, అన్నం తినలేదు, మోకాళ్ల మీదే ఉంది. అంతకంటే విశ్వాసం ఇంకేం కావాలి? స్వస్థత రాకపోతే రోగి విశ్వాసం లోపమని చెప్పే బోధను అప్పటినుంచి నేను మందిరంలో కూడా లేచి ఖండిస్తున్నాను. జబ్బు బరువు మీద అపరాధ భావాన్ని కూడా ఎత్తి పెట్టడం క్రూరత్వం.

ఈ "మందు అంటే అవిశ్వాసం" అన్న మాట మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో జాన్ అలెగ్జాండర్ డౌవీ అనే స్వస్థత ప్రసంగీకుడు చికాగో దగ్గర జయన్ అని ఒక పట్టణమే కట్టించి, అందులోకి మందులనూ డాక్టర్లనూ రానివ్వలేదు. ఆయనకే 1905లో పక్షవాతం వచ్చింది, 1907లో పోయారు. ఆ తర్వాత పెంతెకొస్తు ఉద్యమంలోకి, అక్కణ్ణుంచి దేశదేశాలకు ఈ ఆలోచన పాకింది. కానీ మన తెలుగు నేల మీద మిషనరీల వెంటే ఆసుపత్రి కూడా వచ్చింది. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ మిషనరీ డాక్టర్ 1883లో గుంటూరు వచ్చారు, 1898లో స్త్రీలకు ఆసుపత్రి తెరిచారు. ఆవిడ దేవుణ్ణి నమ్మబట్టే డాక్టరుగా వచ్చింది. మా అమ్మమ్మ తరంవాళ్లకు ప్రార్థనకూ మందుకూ పోటీ ఉందన్న సంగతే తెలియదు.

ఎవరైనా కూటంలో బాగైనవాళ్లను తర్వాత వెళ్లి చూశారా అంటే, చూశారు. అమెరికాలో కాథరిన్ కూల్మన్ స్వస్థత కూటాలు చాలా పేరున్నవి. 1973లో మినియాపొలిస్‌లో ఆవిడ కూటానికి విలియం నోలెన్ అనే సర్జన్ వాలంటీరుగా వెళ్లి, బాగైందని చెప్పినవాళ్లలో 23 మందిని తర్వాత కలిసి, వివరాలన్నీ తీసుకున్నారు. శరీరంలోని జబ్బు నయమైందని చెప్పదగ్గ కేసు ఒక్కటీ ఆయనకు దొరకలేదు. క్యాన్సర్ వెన్నెముకకు పాకిన ఒకావిడ స్టేజీ మీద నడుముకు కట్టిన ఆధారం విప్పేసి పరుగెత్తింది. మర్నాడే విపరీతమైన నొప్పి. ఎక్స్‌రేలో వెన్నుపూస కుంగిపోయి ఉంది. కొన్ని నెలలకే చనిపోయింది. అయినా కూల్మన్ మోసగత్తె అని ఆయన రాయలేదు. ఆవిడ చిత్తశుద్ధి గల మనిషేనని, జబ్బుల గురించి తెలియకపోవడమే సమస్య అని రాశారు. నేను చూసిన చాలామంది దైవజనుల గురించి నేనూ అదే అంటాను.

రెండో వైపు కూడా చెప్పాలి. 2010లో మొజాంబిక్‌లో చేతులుంచి ప్రార్థించకముందు, తర్వాత వినికిడీ చూపూ కొలిచి ఒక పరిశోధన ప్రచురించారు. మొత్తం 24 మంది, కొందరిలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించిందన్నారు. కానీ ప్రార్థన లేని గుంపుతో పోల్చలేదు, చుట్టూ కూటం గోల. మళ్లీ కొలిచేటప్పుడు ఇంకాస్త శ్రద్ధగా వినాలని, చూడాలని ఎవరైనా ప్రయత్నిస్తారు కదా. 2006లో అమెరికాలో బైపాస్ ఆపరేషన్ అయిన 1802 మంది మీద ఇంకో పెద్ద అధ్యయనం చేశారు. దూరం నుంచి చేసిన ప్రార్థన వల్ల సమస్యలు తగ్గలేదు. పైగా తమకోసం ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసినవాళ్లలో 59 శాతం మందికి ఏదో ఒక సమస్య వచ్చింది, ప్రార్థిస్తున్నారో లేదో తెలియని మిగతా రెండు గుంపుల్లో 51, 52 శాతం. ఒక విశ్వాసిగా ఈ లెక్క చూసి నేను కుంగిపోలేదు. దేవుణ్ణి ఇలా లెక్కల్లో కొలవగలమని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ "ప్రార్థిస్తే గ్యారంటీ" అనేవాళ్లకు ఇది గట్టి జవాబే.

క్యాథలిక్కులది వేరే పద్ధతి. ఫ్రాన్స్‌లోని లూర్దు అనే మరియమాత పుణ్యక్షేత్రానికి 1858 నుంచి లక్షల మంది రోగులు వెళ్తున్నారు. అక్కడ 1883 నుంచి డాక్టర్ల కార్యాలయం ఉంది. ముందు రోగ నిర్ధారణ కాగితాలు ఉండాలి, హఠాత్తుగా నయం కావాలి, పూర్తిగా కావాలి, ఏళ్ల తరబడి నిలవాలి, వాడిన మందు వల్ల అయి ఉండకూడదు. ఇన్నేళ్లలో చర్చి అద్భుతమని ప్రకటించినవి డెబ్బై పైచిలుకు మాత్రమే. అద్భుతాన్ని నమ్మే సంస్థే అంత నెమ్మదిగా, అంత కఠినంగా చూస్తుంటే, మనం ఒక్క రాత్రిలో వందల సాక్ష్యాలు ఎలా ప్రకటిస్తాం?

నా దగ్గరా ఒక కేసు ఉంది. ఒక రైతు, కాలేయంలో పెద్ద గడ్డ. వయసు, నీరసం చూసి బయాప్సీ చేయకుండానే క్యాన్సర్ అనుకుని ఇంటికి పంపేశారు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. రెండేళ్ల తర్వాత ఆయన తన కాళ్ల మీద తాను నడిచొచ్చారు, స్కాన్‌లో చిన్న మచ్చ తప్ప ఏమీ లేదు. అది చీముగడ్డ అయ్యుండొచ్చని మా డాక్టరు అన్నారు. ముక్క తీసి చూడలేదు కాబట్టి "క్యాన్సర్ నయమైంది" అని సాక్ష్యంలో చెప్పడానికి వీల్లేదు. ఆయన దేవుణ్ణి స్తుతించడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఆ రెండూ వేరు వేరని ఆయనకు చెబితే, "బతికున్నాను కదమ్మా, స్తోత్రం చెప్పుకుంటా, క్యాన్సర్ మాట ఎత్తను" అన్నారు. ఇంత చక్కటి సాక్ష్యం నేను ఏ స్టేజీ మీదా వినలేదు.

ఇక అమ్మతో మాట్లాడటం. "నిన్ను మోసం చేశారు" అని మొదలుపెట్టకండి. ఆవిడ వేలమంది ముందు నోరు తెరిచి చెప్పుకున్న మాట అది. దాన్ని కొట్టేస్తే ఆవిడను కొట్టినట్టే. ఆవిడ నమ్మే పుస్తకంలోంచే మాట్లాడండి. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులతో యేసు చెప్పిన మొదటి మాటే, వెళ్లి యాజకులకు చూపించుకోండి అని. ఆ కాలంలో యాజకుడే పరీక్షకుడు. లేవీయకాండం 13 చదివితే తెలుస్తుంది, చర్మం చూడాలి, అనుమానం ఉంటే ఏడు రోజులు ఆగి మళ్లీ చూడాలి. స్వస్థపరిచే ప్రభువే చూపించుకోమన్నాడంటే, చూపించుకోవడం అవిశ్వాసం ఎలా అవుతుంది? హిజ్కియా రాజు విషయంలో బతుకుతావని దేవుడు మాట ఇచ్చాక కూడా యెషయా ప్రవక్త ఆయన పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. అపొస్తలుడు పౌలు వెంట లూకా అనే వైద్యుడు ఉన్నాడు. తన శిష్యుడు తిమోతి కడుపు బాధకు పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, తోటి ప్రయాణికుడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చాడు. పౌలే తన ఒంట్లో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. వీళ్లందరికీ విశ్వాసం చాల్లేదా?

ఆవిడ "మరి ఆ దైవజనుడి ద్వారా అద్భుతం జరిగింది కదా" అంటే, ద్వితీయోపదేశకాండం 13 తెరవండి. ప్రవక్త చెప్పిన సూచన నిజంగా జరిగినా, అతని బోధ తప్పయితే వినొద్దని అక్కడ ఉంది. నా మూడో ప్రశ్నకు జవాబు అదే. అద్భుతం జరిగిందన్నంత మాత్రాన మాత్రల గురించి చెప్పింది ఒప్పైపోదు. నొప్పి తగ్గినవాళ్లు దర్గాల్లో, జాతరల్లో కూడా ఉన్నారు. వాళ్ల కన్నీళ్లు అమ్మ కన్నీళ్ల కంటే తక్కువ నిజమైనవి కావు. అంతమాత్రాన అక్కడ చెప్పిన ప్రతి మాటనూ అమ్మ ఒప్పుకోదు కదా.

కూటానికి వచ్చి వెళ్లిపోయిన ప్రసంగీకుడితో వాదించి లాభం లేదు. మీ సంఘం అయ్యగారిని ఇంటికి పిలవండి. యాకోబు పత్రికలో రోగి కోసం పిలవమన్నది సంఘ పెద్దలనే. అయ్యగారు బీపీ మాత్ర వేసుకునే మనిషైతే ఆ మాట అమ్మ ముందు చెప్పమనండి. మా నాన్నగారు ప్రార్థనకు వెళ్లేటప్పుడు సంచిలో నూనె సీసాతో పాటు తన గుండె మాత్రల డబ్బా కూడా తీసుకెళ్లేవారు, రోగి ముందే మింగేవారు. దానితో తీరిన గొడవలు ఎన్నో.

ఎవరైనా షుగర్ పోతుందని చెప్పి నూనె సీసాలో, తాయెత్తులో ప్రకటనలిచ్చి అమ్ముతుంటే అది వేరే విషయం. మంత్రం, తాయెత్తు, కవచం వంటివాటితో షుగర్ సహా కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ప్రార్థన చేయడం ఆ చట్టం కిందికి రాదు.

పరీక్షకు వెళ్లేటప్పుడు మూడూ చేయించండి: పరగడుపున, తిన్న రెండు గంటలకు, హెచ్‌బీఏ1సీ. ఆఖరిది సుమారు మూడు నెలల సగటు చెబుతుంది. మాత్రలు ఆపి నెలే అయింది కాబట్టి అదొక్కటే చూస్తే పరిస్థితి ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించవచ్చు. పాత మందుల చీటీ, కూటానికి ముందు చేయించిన రిపోర్టు రెండూ పట్టుకెళ్లండి, ఏ తేదీ నుంచి ఆపారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. పాదాలు కూడా చూడమని అడగండి. ల్యాబ్‌కు బయల్దేరే ముందు అమ్మతో కలిసి ప్రార్థన చేయండి, మీకు నమ్మకం లేకపోయినా పక్కన కూర్చోండి. ఒకవేళ అంకెలు నిజంగానే తగ్గి ఉంటే డాక్టరే డోసు తగ్గిస్తారు, ఆ కాగితం తీసుకెళ్లి అమ్మ మందిరంలో ధైర్యంగా సాక్ష్యం చెప్పుకోవచ్చు. పెరిగి ఉంటే ఆ రాత్రి భోజనం దగ్గర మాత్ర, మంచినీళ్ల గ్లాసు మీరే అందివ్వండి, కూటం మాట మాత్రం ఎత్తకండి.